అప్‌డేట్: జెలటిన్ కోటింగ్, రక్తకణాలు పగిలిపోవడం

మొన్న అడిగా కదా, సన్న రక్తనాళాల గ్రాఫ్ట్ (నాళం బదులు పెట్టే కృత్రిమ గొట్టం) లోపల జెలటిన్ కోటింగ్ వేస్తే 37 డిగ్రీల దగ్గర కరిగిపోతోంది, గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో క్రాస్‌లింక్ చేస్తే (అణువుల్ని ఒకదానికొకటి కట్టేస్తే) నిలబడుతోంది కానీ ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయి అని. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండి.

గ్లుటరాల్డిహైడ్ మానేసి ఈడీసీ-ఎన్‌హెచ్‌ఎస్ అనే వేరే క్రాస్‌లింకింగ్ రసాయనాల జతకి మారాను. ఇది జెలటిన్‌లోని కార్బాక్సిల్, అమైన్ గ్రూపుల్ని నేరుగా కలిపేస్తుంది, తను మాత్రం బాండ్‌లో మిగలదు, యూరియా లాంటి బైప్రొడక్ట్‌గా మారి కడిగితే పోతుంది, అందుకే గ్లుటరాల్డిహైడ్‌లా విషం మెల్లగా కారే సమస్య చాలా తగ్గింది. హీమాలిసిస్ (ఎర్ర రక్తకణాలు పగలడం) ఇప్పుడు 2 శాతం లోపే, అంటే దాన్ని కొలిచే ఏఎస్‌టీఎమ్ ఎఫ్756 స్టాండర్డ్ లెక్కన పాస్.

కానీ దాంతో అయిపోలేదు, రక్తానికి తగిలే పరికరాల స్టాండర్డ్ ఐఎస్‌ఓ 10993-4 చూస్తే గడ్డకట్టడం, ప్లేట్‌లెట్లు, కాంప్లిమెంట్ (రక్తంలోని ఇమ్యూన్ ప్రొటీన్లు) అన్నీ చూడాలి. అసలు సర్జరీల్లో రక్తం ఆపడానికి వాడే స్పాంజ్ కూడా జెలటినే కదా! అంటే రక్తాన్ని గడ్డకట్టించే గుణం దానికుంది, అందుకే అదే ఈడీసీతో హెపారిన్‌ని (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కూడా కట్టేశాను, దానికీ కార్బాక్సిల్స్ ఉన్నాయి కాబట్టి. ప్లేట్‌లెట్లు అతుక్కోవడం బాగా తగ్గింది.

ఇంకో అన్న ఎండోటాక్సిన్ (కొన్ని బ్యాక్టీరియాల గోడలోని విషపదార్థం) చెక్ చేయమన్నారు, అది బంగారం లాంటి సలహా. మామూలు జెలటిన్‌లో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఉండొచ్చు, ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో స్టెరిలైజ్) చేసినా పోదు, అది ఉంటే ఇమ్యూన్ రియాక్షన్ మెటీరియల్ వల్లా దీని వల్లా అని తేల్చలేం. లో-ఎండోటాక్సిన్ గ్రేడ్ ఆర్డర్ పెట్టా.

ఇక ప్రవహించే రక్తంలో టెస్ట్ చేయాలి, లూప్ సెటప్ (రక్తాన్ని గొట్టంలో తిప్పుతూ ఉండే ఏర్పాటు) ఎవరైనా చేసుంటే చెప్పండి ప్లీజ్.