జర్నలిజమే చదువుతా అంటున్న పిల్లకు ‘సేఫ్టీ’ కాలేజీ ఏది? దోస్త్ ఆప్షన్ల పంచాయితీ

నకిరేకల్_అన్న:
మా చెల్లె ఇంటర్ సీఈసీ అయిపోయింది, తెలుగు మీడియం, వెయ్యికి 870 వచ్చినయి. జర్నలిజం తప్ప ఇంకోటి చదవ అంటున్నది. అమ్మ బీకామ్ అంటది, బాపు ఏం మాట్లాడడు. మా బావ అమెరికాల ఉంటడు, అక్కడ పిల్లలు కాలేజీలను మూడు రకాలుగ పెట్టుకుంటరట, రీచ్ అంటే వస్తే అదృష్టం, మ్యాచ్ అంటే మన మార్కులకు సరిపోయేది, సేఫ్టీ అంటే తప్పక వచ్చేది. దోస్త్ల, అంటే తెలంగాణల డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ల అప్లై చేసేదాంట్ల, ఆప్షన్లు పెట్టనీకి నేనూ గట్లనే లిస్ట్ రాసిన. పైన కోఠి మహిళా యూనివర్సిటీ, మధ్యల సిటీల మాస్ కమ్యూనికేషన్ ఉన్న ప్రైవేట్ కాలేజీలు రెండు, కింద సేఫ్టీకి నల్గొండ ఎన్జీ సర్కారు కాలేజీల మామూలు బీఏ. కరెక్టేనా?

డెస్క్_చాయ్:
తమ్మీ, ఎన్జీని కిందెందుకు పెట్టినవ్, పైకి తే. నేను పేపర్ల సబ్ ఎడిటర్‌ని, మా డెస్క్‌ల తెలుగు ఎంఏలున్నరు, బీఎస్సీలున్నరు, డిగ్రీల జర్నలిజం చదివినోళ్లు తక్కువ. ఓయూల ఎంఏ జర్నలిజంకు ఏ డిగ్రీ అయినా పర్లేదు, సీపీగెట్ అనే పీజీ ఎంట్రన్స్ రాయాలె అంతే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, ఢిల్లీల జర్నలిజం చెప్పే ఐఐఎంసీకి సీయూఈటీ పీజీ అని దేశమంతటికి ఒకటే ఎంట్రన్స్, వాటికీ ఏ డిగ్రీ అయినా నడుస్తది. ఈనాడు జర్నలిజం స్కూల్ల సీటొస్తే మనకే ఎదురు స్టైపెండ్ ఇస్తరు. మూడేండ్లు హిస్టరీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ గట్టిగ చదవనీ. వార్త రాసుడు ఆర్నెల్లల్ల వస్తది, బడ్జెట్ అర్థమయ్యే బుర్ర ఆర్నెల్లల్ల రాదు.

మూసీ_ఒడ్డు:
డెస్క్ అన్నా, మీరు చెప్పేది మగపిల్లల లెక్క. ఆమె నల్గొండల బీఏ చేస్తే మూడేండ్లు ఇంట్ల ఉంటది, రెండో ఏడాదే సంబంధాలు మొదలైతయి, పీజీ ముచ్చట అక్కడ్నే ఆగుతది. హైదరాబాద్ పోతే ఇంటర్న్‌షిప్ దొరుకుతది, కెమెరా ముట్టుకుంటది, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు మాట్లాడుతది. జర్నలిజం లేని కాలేజీ జర్నలిజం పిల్లకు సేఫ్టీ ఎట్లైతది, ఉత్త సీటు అంతే.

డెస్క్_చాయ్:
వార్తలు హైదరాబాద్‌లనే ఉన్నయా? మర్రిగూడ నీళ్లల్ల ఫ్లోరైడ్ ముచ్చట ఎక్కడిది, మన నల్గొండ జిల్లాది కాదా? 2025 ఫిబ్రవరిల దోమలపెంట కాడ ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ కాలువ) సొరంగం కూలి 8 మంది లోపల ఇరుక్కుంటే దేశంల ఉన్న చానళ్లన్నీ నాగర్‌కర్నూల్ జిల్లాకే ఉరికినయి. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు మనిషే, 1922ల నల్గొండ నుంచే నీలగిరి పత్రిక వచ్చింది, వాళ్లేమన్న మాస్ కమ్యూనికేషన్ చదివిర్రా?

మూసీ_ఒడ్డు:
అప్పుడు ఆ డిపార్ట్‌మెంటే లేదు కదన్నా, ఓయూల పెట్టిందే 1954ల. లేనిది ఎట్ల చదువుతరు.

పాలమూరు_అక్క:
ఇద్దరు కొట్లాడుకుంటున్నరు గని అసలు సంగతి పైసలది. నేను మహబూబ్‌నగర్ ఎంవీఎస్‌ల బీఏ చేసి తర్వాత ఓయూల జర్నలిజం చేసిన. నాతోటి ఇంటర్ చదివిన దోస్త్ సిటీల ఒక ప్రైవేట్ కాలేజీల మాస్ కమ్యూనికేషన్ల చేరింది, సీటు చిటికెల వచ్చింది, స్కాలర్‌షిప్ వస్తది మీరేం కట్టే పనిలేదు అన్నరు, తీరా అయిపోయినంక రీయింబర్స్‌మెంట్ పైసలు గవర్నమెంట్ నుంచి పడలే, మీరే కట్టి సర్టిఫికెట్లు తీస్కపోండ్రి అన్నరు, ఆమె కట్టే వరకు పీజీ అడ్మిషన్ తారీఖు దాటిపోయింది, ఏడాది పోయింది. అందుకే తమ్మీ, మీ బావ చెప్పిన లెక్క మన దగ్గర ఉల్టా, మార్కులకు సీటు తేలికగ ఇచ్చే కాలేజీనే ఒక్కోసారి అన్నిటికన్నా రిస్కు. మనకు సేఫ్టీ అంటే ఫీజు ఇంట్ల నుంచి కట్టాల్సొచ్చినా కట్టగలిగేది, హాస్టల్ దొరికేది, నచ్చకపోయినా మూడేండ్లు పోయి కూసోగలిగేది. ఆ లెక్కన ఎన్జీ నిజంగనే సేఫ్టీ, కోఠి మ్యాచ్, ఆ రెండు ప్రైవేట్‌లకు ఫోన్ చేసి రీయింబర్స్‌మెంట్ రాకపోతే ఏం చేస్తరో అడగుండ్రి, జవాబు నసిగితే లిస్టుల నుంచి కొట్టెయ్యిండ్రి.

నకిరేకల్_అన్న:
థ్యాంక్స్ అక్కా, గిట్ల ఎవ్వరు చెప్పలే. మరి ఢిల్లీ? లేడీ శ్రీరామ్ కాలేజీల బీఏ జర్నలిజం ఉన్నదట, రీచ్ కింద పెట్టొచ్చా?

పాలమూరు_అక్క:
దానికి సీయూఈటీ యూజీ అనే డిగ్రీ ఎంట్రన్స్ స్కోరే చూస్తరు, ఇంటర్ మార్కులు కాదు. ఆ ఫారం మన ఇంటర్ రిజల్ట్ రాకముందే క్లోజ్ అయితది. ఈ ఏడు వేసిర్రా? వెయ్యకపోతే రీచ్ లేదు ఏం లేదు. ఇంకోటి, సిటీల కొన్ని కాలేజీలు దోస్త్ల ఉండవు, వాటికి విడిగ అప్లై చేసుకోవాలె.

సెకండ్_ఫేజ్:
ఒక్క ముచ్చట. దోస్త్ ఫస్ట్ ఫేజ్ల సీటొస్తే ఆన్‌లైన్ల సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలె, లేకుంటే ఆ సీటు పోతది. చేసి గూడ సెకండ్ ఫేజ్‌ల మల్ల ఆప్షన్లు పెట్టొచ్చు, గని అండ్ల కొత్త సీటు వస్తే పాతది క్యాన్సిల్. ఉత్తగ చూద్దామని ఏదిబడితే అది పెట్టకుండ్రి. కాలేజీ పేరు చూసి కాదు, ఆ ఆప్షన్ల మాస్ కమ్యూనికేషన్ సబ్జెక్ట్ ఉన్నదా అని కోర్సు చూసి టిక్ కొట్టుండ్రి.

మూసీ_ఒడ్డు:
అక్క చెప్పిన ప్రైవేట్ ముచ్చట ఒప్పుకుంట. ఎన్జీ ముచ్చట మాత్రం ఒప్పుకోను.

నకిరేకల్_అన్న:
నేను చెల్లెని, అన్న ఐడీ నుంచి రాస్తున్న. సీయూఈటీ వెయ్యలే, నాకెవ్వరు చెప్పలే. కోఠి ఫస్ట్, ఎన్జీ సెకండ్ పెడ్తున్నం, ప్రైవేట్ ఒకటి తీసేసినం, ఇంకోదానికి రేపు ఫోన్ చేస్తం. డెస్క్ సార్, ఎన్జీ వస్తే అక్కడున్నప్పుడే ఏదన్న పేపర్‌కు రాయొచ్చా? కోఠి వస్తే హాస్టల్ దొరకకపోతే ఎక్కడుండాలె అక్కా?

పాలమూరు_అక్క:
బిడ్డా, సీటు అలాట్ అయిన రోజే హాస్టల్ ఫారం అడుగు, క్లాసులు మొదలయ్యే దాక ఆగకు. బీసీ, ఎస్సీ వెల్ఫేర్ కాలేజ్ హాస్టళ్లు సిటీల గూడ ఉన్నయి, మీకు ఏది వర్తిస్తదో చూసి దానికి గూడ పెట్టు. కులం, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవల తీసిపెట్టుకో, ఆ టైంల మస్తు రష్ ఉంటది.

డెస్క్_చాయ్:
రాయొచ్చమ్మా. ముందు మీ ఊరి గ్రామసభల ఏం మాట్లాడుకున్నరో ఒక పేజీ రాసి నాకు మెసేజ్ పెట్టు, ఎర్రపెన్ను పట్టుకొనే చదువుత, ఏడ్వద్దు మల్ల.