వంగిపోయిన సీటు: రెక్సిన్ బిగిస్తే సర్దుకుంటుందా, బేస్ సరిచేయాల్సిందేనా?

గేర్‌బాక్సు:
నా బండి సీటు వెనక భాగాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప లాక్ పడటం లేదు. ఊడదీసి స్కేలు ఆనించి చూస్తే బేస్ (ఫోము కిందుండే ప్లాస్టిక్ పలక) వెనక కొస 12 మి.మీ. పైకి లేచి ఉంది. అడుగున పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) అని అచ్చు ఉంది. ముందు హుక్ పక్కన 4 సెం.మీ. చీలిక. ఫోము నీళ్లు పీల్చేసింది, కవరు కుట్టు వెంబడే చిరిగింది. కొత్త రెక్సిన్ బాగా లాగి బిగిస్తే వంపు దానంతట అదే పోతుందా? చీలికకు ఎపాక్సీ పెట్టొచ్చా? ఫోము మొత్తం మార్చాలా?

బోల్టునట్టు:
రెక్సిన్ బిగిస్తే వంపు పోదండీ, పెరుగుతుంది. కవరు లాగుడంతా ఫోము పైనుంచి వస్తుంది, బేస్ దాని కింద ఉంటుంది. వింటికి నారి కట్టినట్టే, ఎంత బిగిస్తే కొసలు అంత పైకి లేస్తాయి. చాలా సీట్లు వంగేది ఇలాగే: అతిగా బిగించిన కవరు, పైన ఎండ, కింద ఊడిపోయిన రబ్బరు బుష్‌లు (బేస్ బండి మీద ఆనే చోటుండే దిమ్మలు). కాబట్టి ముందు బేస్.

కవరును బేస్‌కు పట్టి ఉంచే పిన్నులన్నీ సన్నటి స్క్రూడ్రైవర్‌తో లేపి, నోస్ ప్లయర్‌తో లాగేయండి. ఫోము పూర్తిగా విడదీయాలి. అది ఉండగా వేడి పెడితే ఫోము కాలుతుంది, ఆ పొగ ప్రమాదం.

చీలిక సంగతి ముందు చూడండి, వంచేటప్పుడు అదే సాగిపోతుంది. పీపీకి ఎపాక్సీ పట్టదు, ఫైబర్ రెసిన్ కూడా పట్టదు. ఎండాక పెచ్చులా ఊడొస్తుంది. చీలిక రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం వేస్తే అది ఇక ముందుకు పాకదు. తర్వాత చీలికను వి ఆకారంలో గీకి, పీపీ రాడ్డుతోనే ప్లాస్టిక్ వెల్డింగ్ చేయాలి. రాడ్డు దొరక్కపోతే పీపీ అని అచ్చున్న పాత డబ్బా మూత నుంచి కోసిన పీలికలు పనికొస్తాయి. హుక్ పక్కన బరువు పడుతుంది కాబట్టి వెల్డింగ్ ఒక్కటే చాలదు. 3 మి.మీ. మందం, 20 మి.మీ. వెడల్పు అల్యూమినియం పట్టీ వేసి 4 మి.మీ. పాప్ రివెట్లు కొట్టండి. ప్లాస్టిక్ వైపు వాషరు తప్పనిసరి, లేకపోతే రివెట్ తల ప్లాస్టిక్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది.

ఇక వంపు. మందపాటి చెక్క పలకకు బేస్‌ను క్లాంపులతో బిగించండి, క్లాంపు కింద చిన్న చెక్కముక్కలు పెట్టి. హీట్ గన్ 10–15 సెం.మీ. దూరంలో ఉంచి ఆపకుండా ఆడిస్తూ వంపు ఉన్న చోటంతా, ముఖ్యంగా అడుగునున్న రిబ్బులను (బలం కోసం ఉండే గట్లను) రెండు పక్కలా వేడెక్కించాలి. వంపును నిలబెట్టేవి రిబ్బులే. పై పలకను మాత్రమే వేడి చేసి వంచితే చల్లారగానే వెనక్కి వచ్చేస్తుంది. ప్లాస్టిక్ మెరుపు తేలుతోందంటే వేడి ఎక్కువైందని అర్థం, గన్ వెంటనే తీసేయండి. పీపీ దాదాపు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మెత్తబడ్డాక సమానం దగ్గర ఆపకుండా ఇంకో 4–5 మి.మీ. కిందికి వంచి బిగించండి, వదిలాక కొంత తిరిగి వస్తుంది. పూర్తిగా చల్లారేదాకా క్లాంపు ముట్టుకోవద్దు. తొందరపడితే పనంతా మొదటికొస్తుంది.

సూదీదారం:
పైన చెప్పినదానికి చిన్న సవరణ. హీట్ గన్ అలవాటు లేనివాళ్లకు మరిగే నీళ్లే మేలు. 100 డిగ్రీలు దాటవు కాబట్టి బేస్ కరిగే భయం లేదు. అయితే పీపీ ఆ వేడికి కొంతే మెత్తబడుతుంది. అంచులకు సరిపోతుంది, రిబ్బులున్న చోట మొండికేస్తుంది.

ఫోము విషయం: పిండి, నీడలో గాలి తగిలేలా నిలబెట్టి రెండు మూడు రోజులు ఆరబెట్టండి. వేలితో నలిపితే పొడి రాలితే మార్చాల్సిందే. కూర్చునే చోట మాత్రమే కుంగితే అంతవరకు కోసి గట్టి రీబాండెడ్ ఫోము (తుక్కు ఫోమును కలిపి అదిమి చేసినది) ముక్క అతికించండి. రబ్బరు గమ్ రెండు వైపులా పూసి, వేలికి అంటకుండా జిగటగా అయ్యేదాకా ఆగాలి. తడిగా ఉండగా అతికిస్తే లోపల ఆరదు, గమ్ గడ్డకట్టి కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది. అతుకు గీత పైకి కనబడకుండా 40 నంబరు ఎమరీతో రుద్ది, మొత్తం మీద 6 నుంచి 10 మి.మీ. మెత్తటి ఫోము షీటు పరచండి.

రెక్సిన్ కొనేటప్పుడు వెనక అల్లిక బట్ట ఉన్నదే తీసుకోండి. నేత బట్ట ఉన్నది సాగదు, మూలల్లో ముడతలు తప్పవు. ఎక్కువ సాగే దిక్కు సీటు అడ్డంగా రావాలి. దారం పాలియెస్టర్‌దే వాడండి; నైలాన్ ఎండకు త్వరగా పాడవుతుంది, కాటన్ కుళ్లుతుంది. కుట్టు 4 మి.మీ. నిడివి. దగ్గరదగ్గరగా కుడితే గట్టిదనుకుంటారు కానీ, అది తపాలా బిళ్లల షీటుకు చిల్లులు వేసినట్టే, ఆ గీత వెంబడే చిరుగుతుంది. మీ పాత కవరు కుట్టు దగ్గరే చిరిగిందన్నారు కదా, పిన్నులు తీసినప్పుడు ఆ కుట్టు చిల్లులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి.

పాత కవరు కుట్లు విప్పితే అదే నమూనా, కాకపోతే సాగిపోయి ఉంటుంది కాబట్టి వెడల్పులో కొంచెం తగ్గించాలి. ఫోముకూ రెక్సిన్‌కూ మధ్య పల్చటి ప్లాస్టిక్ షీటు వేస్తే కవరు సులువుగా జారుతుంది, కుట్టులోంచి దిగిన నీరు ఫోములోకి పోదు. బేస్‌లో నీరు కారే రంధ్రాలను మాత్రం మూయవద్దు.

గేర్‌బాక్సు:
బాగా అర్థమైంది, థాంక్స్. పిన్నులు ఏ సైజు? ఎక్కడ మొదలుపెట్టాలి?

సూదీదారం:
6 మి.మీ. కాళ్లున్న స్టెయిన్‌లెస్ పిన్నులు. మామూలువి తుప్పుపట్టి రెక్సిన్‌ను కోసేస్తాయి. చేతి స్టేపుల్ గన్‌తో పీపీలో సగమే దిగుతాయి, చిన్న సుత్తితో కొట్టాలి. పాత చిల్లుల్లో కాకుండా 3 మి.మీ. పక్కన వేయండి. కవరు అరగంట ఎండలో పెట్టి మెత్తబడ్డాక ముందు మధ్య, వెనక మధ్య, తర్వాత రెండు పక్కల మధ్య, ఇలా నాలుగు చోట్ల ముందు నిలపండి. కుట్టు గీత తిన్నగా వచ్చిందో లేదో చూసుకుని మధ్య నుంచి మూలలకు సాగండి. మూలలు చివర. అక్కడ పెద్ద ముడత ఒకటి కాకుండా చిన్నవి చాలా వేసి, అడుగున దొంతరలా పేరుకున్న రెక్సిన్ కత్తిరించేయండి. ముడత పోయేంత బిగింపు చాలు.

బోల్టునట్టు:
కవరు వేయకముందే ఒక పని. ఖాళీ బేస్‌ను బండి మీద పెట్టి లాక్ వేసి చూడండి. బుష్ ఒక్కోదాని మీద మెత్తటి బంకమట్టి ఉండ పెట్టి నొక్కి, తీస్తే ఎక్కడ ఎంత ఎడముందో మట్టి మందమే చెబుతుంది. ఎడమున్న చోట రబ్బరు ముక్క వేసి ఎత్తు సరిచేయాలి. ఒక్క బుష్ గాల్లో ఉన్నా బరువు మిగతా వాటి మీద పడి బేస్ మళ్లీ అదే వైపు వంగుతుంది. లాక్ కొక్కెం కాస్త జరిగే రకమైతే దాన్ని చివర్లో సర్దండి, మొదట్లో కాదు.