భూమి చట్టాల మీద నాది ఇష్టమా, పక్షపాతమా?

నమస్తే అండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో రెండో ఏడాది. మా తాతది ఎర్రజెండా, నాన్న కౌలు రైతు. అందుకేనేమో భూమి చట్టాలంటే రాత్రి రెండింటిదాకా చదువుతాను, కంపెనీ లా తెరిస్తే ఆవలింతలే.

2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (ఆ సీజన్‌కి పంట వేయం) అన్నప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఇప్పుడు కౌలు రైతుల కోసం 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ఉంది. కౌలు ఒప్పందం 11 నెలలే, అయినా పొలం యజమాని సంతకం కావాలి. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాన్న మూడుసార్లు వాళ్ల అరుగు మీద కూర్చుని వచ్చాడు. "సంతకం పెడితే పొలం నీదైపోద్దిరా" అన్నారట. (హక్కు మారదని ఆ చట్టమే చెబుతోంది, ఎవరు వింటారు!)

మొన్న కాలేజీ మూట్ కోర్టులో (ఊహాత్మక కేసు మీద విద్యార్థులు వాదించే అభ్యాసం) నాకు యజమాని పక్షం ఇచ్చారు. కౌలు డబ్బుల మీదే బతికే ముసలావిడ కేసు. పాయింట్లన్నీ రాసుకున్నా, నోరు పెగల్లేదు. అప్పట్నుంచీ టెన్షన్.

ప్రాక్టీసులో ఉన్నవాళ్లు చెప్పండి. సొంత రాజకీయాలతో సబ్జెక్టు ఎంచుకుంటే ఎదుటి పక్షం కనపడకుండా పోతుందా? సివిల్ సీనియర్ దగ్గర చేరి కొన్నాళ్లు యజమానుల కేసులే చూడమంటారా?