జోసెఫిన్ బ్రాకెన్ ఏకపాత్ర: "అర్ధాంగి" అనవచ్చా?

సీతమ్మధార_నాటకం:
నమస్కారమండీ. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్‌తో కలిసి బతికిన జోసెఫిన్ బ్రాకెన్ మీద 20 నిమిషాల ఏకపాత్ర సిద్ధమవుతోంది. విశాఖలో చిన్న హాలు, ఒకటే మైకు. చిత్తుప్రతిలో ఆమె "రిజాల్ అర్ధాంగి"గా పరిచయమవుతుంది, తుపాకుల మోతతో తెర పడుతుంది. పెళ్లి జరిగిందని వేదిక మీద చెప్పవచ్చా? వాళ్లిద్దరూ ఉన్న దపితాన్ ఊరి ఇంటిని తక్కువ సామాగ్రితో చూపించడం ఎలా?

లాసన్స్‌బే_చరిత్ర:
అర్ధాంగి తీసేసి "సహచరి" పెట్టండి. ఆమె కథలోని ముడి అంతా ఆ మాట దగ్గరే ఉంది.

జోసెఫిన్ 1876 ఆగస్టు 9న హాంకాంగ్‌లో పుట్టింది. ఐరిష్ తల్లిదండ్రులు, తండ్రి బ్రిటిష్ సైన్యంలో కార్పొరల్. తల్లి పోయాక జార్జ్ టాఫర్ పెంచుకున్నాడు. ఆయనకు చూపు పోతుంటే 1895 ఫిబ్రవరిలో దపితాన్ వచ్చారు. రిజాల్ పారిస్‌లో, హైడెల్‌బర్గ్‌లో కంటి వైద్యం నేర్చినవాడు. 1892 నుంచి ఆ ఊళ్లోనే ప్రవాస శిక్షలో ఉన్నాడు. అప్పటికి ఆమెకు 18, ఆయనకు 33.

పెళ్లి చేసుకోవాలనుకున్నారు. చర్చి మీద రాసిన రాతలను రిజాల్ వెనక్కి తీసుకుంటే తప్ప కుదరదంది చర్చి. స్పానిష్ పాలనలో వాళ్లకు చర్చి పెళ్లి తప్ప వేరే దారి లేదు. దాంతో పెళ్లి లేకుండానే కలిసి ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన కొడుకు కొద్ది గంటలే బతికాడు. 1896 డిసెంబర్ 30న, స్పానిష్ ప్రభుత్వం రిజాల్‌ను కాల్చి చంపిన రోజు తెల్లవారుజామున, పెళ్లి చేశామని జెస్యూట్ ఫాదర్లు (క్యాథలిక్ మతగురువులు) చెప్పారు. ధ్రువపత్రం దొరకలేదు, చరిత్రకారుల్లో వాదన ఆగలేదు. కాబట్టి ఆ మాటను ఫాదర్ గొంతుతో తెర వెనక నుంచి వినిపించండి. జోసెఫిన్ నోట అవుననీ కాదనీ రానివ్వకండి.

ఎంవీపీ_రంగాలంకరణ:
ఇల్లు వెదురుతో, నీపా (తాటి జాతి చెట్టు) ఆకు కప్పుతో కట్టిందండీ. వెదురు తడిక ఒకటి, తాటాకు చూరు ఒకటి చాలు, మన భీమిలి వైపు రెండూ దొరుకుతాయి. రాతి భవనంలా అట్టముక్కలు పెయింటు చేస్తే మాత్రం ప్రవాసమన్నదే కనపడదు. రిజాల్ తన చివరి వీడ్కోలు కవితను చెల్లెలు త్రినిదాద్‌కు దాచి ఇచ్చింది చిన్న ఆల్కహాల్ పొయ్యిలో. చాలామంది లాంతరు పెడతారు, అది వద్దు. వెలిగించకండి, పట్టుకుంటే చాలు.

లాసన్స్‌బే_చరిత్ర:
ఇంకో మాట. తుపాకుల మోతతో ముగిస్తే ఆమె జీవితంలో ఐదేళ్లు మాయమవుతాయి. నాకు ఇదే ఎక్కువ బాధ. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. కొద్ది రోజుల్లోనే మనీలా దగ్గరి కవితే (Cavite) ప్రాంతంలోని విప్లవకారుల దగ్గరికి వెళ్లి గాయపడినవాళ్లకు సేవ చేసింది. 1897లో హాంకాంగ్ తిరిగి వచ్చింది. 1898లో విసెంతె అబాద్‌ను పెళ్లాడింది, 1900లో కూతురు దొలోరెస్ పుట్టింది. 1902 మార్చి 15న క్షయతో పోయింది, 25 ఏళ్లకే. హాంకాంగ్‌లోని హ్యాపీ వ్యాలీ శ్మశానంలో పూడ్చారు.

దపితాన్‌కు 8 నిమిషాలు, రిజాల్ చెరసాలకు 3, కవితే ప్రాంతానికి 6, హాంకాంగ్‌కు 3 అనుకోండి. రిజాల్ గొంతు 2 నిమిషాలు దాటితే ఏకపాత్ర ఆయనదైపోతుంది.

సీతమ్మధార_నాటకం:
చాలా మేలు చేశారండీ. మార్చేస్తున్నాను. కవితలో ఆమెకు వీడ్కోలు చెప్పే పాదం తెలుగులో ఎలా పెట్టాలి?

లాసన్స్‌బే_చరిత్ర:
స్పానిష్‌లో "దుల్సె ఎస్త్రాన్హేరా" అన్నాడు. పేరెత్తలేదు. ఎస్త్రాన్హేరా అంటే పరదేశి. కొన్ని ఇంగ్లీషు అనువాదాల్లో ఆ మాట జారిపోయి ఉత్త "స్నేహితురాలు" మిగిలింది, వాటి మీంచి తెలుగు చేయకండి. "సెలవు, తీయని పరదేశీ, నా నేస్తమా, నా ఆనందమా" అంటే నోటికీ పడుతుంది. "పరదేశీ" దగ్గర ఒక్క ఊపిరి ఆగమనండి.