సమస్యాపూరణం: "పచ్చచీర నల్లబడియె నయ్యొ!"

నల్లగొండ (సమస్య ఇచ్చినవాడు): ఈ వారం సమస్య మా ఇంట్లోనే దొరికింది. మొన్న గడియారం సెంటర్ దగ్గర ఒక పెండ్లికి పోయాం. మా ఆవిడ గద్వాల చీర కట్టుకుంది, చిలకపచ్చ, ఎర్రంచు. అక్షింతలు వేసి ఫొటో దిగే టైముకి డీజే అతను లైట్లన్నీ ఎర్రగా మార్చాడు. ఫొటోలో చూస్తే చీర నల్లగా ఉంది, అంచు మాత్రం ధగధగలాడుతోంది. శుభకార్యానికి నల్లచీరేంది అని ఇద్దరు పెద్దమ్మలు ఫోన్ కూడా చేశారు. సరే, ఆ గొడవ నాది, సమస్య మీది. ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నా, పైమూడు పాదాలు మీరు అల్లాలి:

పచ్చచీర నల్లబడియె నయ్యొ!

షరతు ఒక్కటే. బురద, మసి, రంగు దిగడం లాంటివి వద్దు, ఆ నలుపు వెలుతురు వల్లనే రావాలి.

మిర్యాలగూడ: మీ ఇంటి కథే రాశాను, ఏమనుకోకండి.

పెండ్లియింట రాత్రి వెలుగంగ నెఱ్ఱని
దీపమాల, యందుఁ దిరుగు వదిన
కొత్తదైన పట్టు కోకను జూడగా
పచ్చచీర నల్లబడియె నయ్యొ!

పాలమూరు సార్: విషయం సరిగ్గా పట్టుకున్నారు. పచ్చ అద్దకం ఎరుపును మింగేసి ఆకుపచ్చను తిప్పి పంపుతుంది. ఎర్ర వెలుగులో ఆకుపచ్చే లేకపోతే తిప్పి పంపడానికి దాని దగ్గర ఏముంది? కంటికి ఏమీ చేరదు, దాన్నే మనం నలుపు అంటాం. ఎర్రంచు ధగధగలాడిందీ అందుకే, దానికి కావలసిన భోజనం దండిగా దొరికింది.

పద్యంలోనే చిక్కు. కోక అన్నాక మళ్ళీ చీర ఎందుకు, రెండూ ఒకటే కదా. పైగా చివర 'అయ్యొ' అన్నది ఎవరో తెలియడం లేదు. వదిన తిరుగుతూనే ఉంది, ఆమె కథ పూర్తి కాలేదు. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

కొంగు చూచుకొనుచుఁ గుందుచు నిట్లనె

మిర్యాలగూడ: ఇప్పుడు ఆ 'అయ్యొ' వదిన నోట్లోకి వచ్చింది. బాగుంది సార్, మార్చుకుంటున్నా.

నకిరేకల్ పోరడు: నాకు ఇది రెండో ఆటవెలది, తిట్టకండి.

చీర కొన్న యపుడు షాపులోన బల్బు
లైట్ల మాయఁ జూచి లాభమనుచు
ఇంటి కరిగి విప్పి యెండలోఁ బెట్టగ
పచ్చచీర నల్లబడియె నయ్యొ!

గద్వాల అక్క: తిట్టం తమ్ముడూ, లెక్క మాత్రం పెడతాం. మొదటి పాదం విడదీయి: చీర, కొన్న, యపుడు, షాపులో, నబల్బు. చివరిది జగణం (లఘువు, గురువు, లఘువు), ఈ పాదం చివర రావలసిన ఇంద్రగణాల్లో అది లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, అదీ పోయింది, 'చీ'కి 'షా' కుదరదు, హల్లులకు పొత్తు ఉన్నా అచ్చులకు లేదు. "చీర కొన్ననాడు సేటు దుకాణాన" అను, గణాలూ యతీ రెండూ దారికొస్తాయి. మూడో పాదంలో ఇ–యె యతి మాత్రం నీకు నువ్వే పట్టావు, శభాష్.

పాలమూరు సార్: ఛందస్సు అక్క చూసుకున్నది, నా పేచీ వేరే. ఎండలో నల్లగా ఉన్నదంటే అది నల్లచీరే. నల్లచీరను సేటు ఏ లైటు కింద పెట్టినా పచ్చగా చూపించలేడు, దాని మీద పడ్డదంతా అది మింగేస్తుంది. తెల్లచీర అయితే సరే, పచ్చలైటు కింద పచ్చగానే మెరుస్తుంది. అంటే నువ్వు సేటు మీద వేసిన నింద నిలవదు. కథ తిరగెయ్యి.

నకిరేకల్ పోరడు: తిరగేశా.

చీర కొన్ననాడు సేటు దుకాణాన
పచ్చనైన దనుచుఁ బట్టుకొస్తి
ఇంటి కరిగి విప్పి యెఱ్ఱబల్బును వేయ
పచ్చచీర నల్లబడియె నయ్యొ!

గద్వాల అక్క: 'పట్టుకొస్తి' వ్యావహారికమని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

పుట్టపాక మగ్గం: నాకు పద్యం రాదు, చూసింది చెప్తా. మా దగ్గర నేసే తేలియా రుమాల్ బట్ట అంటే ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. ఒకరోజు రాత్రి జీరో బల్బు, ఎర్రది, దాని వెలుగులో దండెం మీది రుమాల్ చూసి గుండె ఆగినంత పనైంది. ఎరుపూ తెలుపూ కలిసిపోయి ఒక్కటే రంగు, నల్ల గళ్ళు మాత్రం మిగిలాయి. ఎన్ని రోజులు నూలుకు చిటికి (ముడులు) కట్టి అద్దిన డిజైన్, సగం మాయం. ట్యూబులైట్ వేస్తే మళ్ళీ ప్రత్యక్షం. అందుకే మా నాన్న ఎంత చీకటి పడ్డా రంగు మాత్రం తెల్లారి వాకిట్లోనే చూసేవాడు.

పాలమూరు సార్: మగ్గం అన్నా, ఇది చెప్పడానికి పద్యం ఎందుకు! తెలుపు అన్నిటినీ తిప్పి పంపుతుంది, ఎరుపు ఎర్రదాన్ని మాత్రం పంపుతుంది. వచ్చేదే ఎరుపైతే రెండింటి జవాబూ ఒకటే.

అచ్చంపేట: నాది వీధిదీపం.

సోడియంపు దీప శోభలో మునిగిన
రచ్చకట్ట చెంత లచ్చి నిలువ
వెలుగు పసుపె కాని వేరొండు లేకున్న
పచ్చచీర నల్లబడియె నయ్యొ!

పాలమూరు సార్: ర–ల యతి చక్కగా ఉంది. కానీ 'లేకున్న' అంటే ఇంకా జరగనట్టుంది, కింద 'బడియె' అని జరిగిపోయింది. 'లేమిచే' అనండి, గణం చెడదు. ఇంకో మాట, తక్కువ పీడనం సోడియం దీపం దాదాపు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు పసుపు ఒక్కటే ఇస్తుంది, దాని కింద మీరు చెప్పినట్టు రంగులన్నీ పోయి పసుపు వెలుగునీడలే మిగులుతాయి. రోడ్ల మీద ఎక్కువగా చూసిన నారింజరంగు దీపాలు ఎక్కువ పీడనం రకం, వాటిలో మిగతా రంగులూ కాస్త ఉంటాయి. ముదురాకుపచ్చ అయితే నల్లబడినట్టే ఉంటుంది, చిలకపచ్చ అయితే మాసిన గోధుమరంగు. లచ్చిది ఏ పచ్చో తేల్చండి.

అచ్చంపేట: ముదురే సార్, బాదం ఆకు రంగు.

గద్వాల అక్క: అందరూ దీపాల చుట్టే తిరుగుతున్నారు. ఇది చూడండి.

ఎఱ్ఱ కండ్లజోడు నెక్కించి మామయ్య
తోటలోకి పోయి తొంగిచూడ
ఆకులన్ని మసియె, యత్తమ్మ కట్టిన
పచ్చచీర నల్లబడియె నయ్యొ!

మిర్యాలగూడ: అక్కా, ఇది షరతు తప్పడం కాదా? అక్కడ ఉన్నది మామూలు ఎండే కదా.

గద్వాల అక్క: నలుపు వెలుతురు వల్ల రావాలన్నారు, వెలుతురు ఎక్కడ వడకట్టాలో చెప్పలేదు. చీర మీద పడకముందు వడకట్టినా, చీర నుంచి కంటికి వచ్చే దారిలో వడకట్టినా మామయ్యకు మిగిలేది ఎరుపే. తేడా ఒక్కటే, పక్కన నిలబడ్డ అత్తమ్మకు తన చీర పచ్చగానే ఉంటుంది, అందుకే ఇంట్లో జగడం.

పాలమూరు సార్: ఒప్పుకుంటున్నా. 'మసియె' అన్నారు చూడండి, మసి వద్దన్న షరతును పద్యంలోనే వెక్కిరించారు.

నల్లగొండ: ఈ వారం అక్కదే. మా ఆవిడకు చదివి వినిపిస్తే నవ్వింది, ఆ పెద్దమ్మలిద్దరికీ పంపమంది, పంపాను. ఒకావిడ "అయితే చీర పచ్చదేనా" అని అడిగింది.

దేవరకొండ: ఆలస్యమైంది, రేగడి బురద మీద ఒకటి రాశాను, పెట్టొచ్చా?

నల్లగొండ: వద్దు.