ఎమ్మెస్‌కి స్టుట్‌గార్టా, మాగ్డెబుర్గా? పది రోజుల్లో చెప్పాలి

కాకినాడ_ఈసీఈ

అందరికీ నమస్తే. నాది కాకినాడ, ఈసీఈలో బీటెక్ అయ్యాక ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టరుకి జర్మనీలో రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒకటి స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో ఇన్ఫోటెక్, ఇంకొకటి మాగ్డెబుర్గ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. రెండూ ఇంగ్లిష్‌లోనే. నాకు ఎంబెడెడ్ సైడు, అంటే కార్లు, మెషీన్ల లోపల ఉండే చిప్‌లకి ప్రోగ్రాములు రాసే పనికి, వెళ్ళాలని ఉంది. జర్మన్ భాషలో మొదటి లెవెల్ ఏ1 మాత్రం అయింది (తర్వాత ఏ2, బీ1, బీ2 ఉంటాయి).

నాన్న ఆర్టీసీలో కండక్టరు, ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. ఊళ్ళో ఉన్న ఒక్క సైటు తాకట్టు పెట్టి 15 లక్షల లోను తీసుకుంటున్నాం, అందుకే తప్పు చేస్తానేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. స్టుట్‌గార్ట్ అంటే బాష్, మెర్సిడెస్, పోర్షె అన్నీ అక్కడే కాబట్టి కళ్ళు మూసుకుని వెళ్ళమంటున్నాడు మా బావ. కన్సల్టెన్సీ అతనేమో మాగ్డెబుర్గ్‌కి ఇంటెల్ ఫ్యాక్టరీ వస్తోంది, చదువు అయ్యేసరికి ఉద్యోగాలే ఉద్యోగాలు అంటున్నాడు. అక్కడ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పండి ప్లీజ్.

ఫాయింగెన్_వాసి

తమ్ముడూ, నేను స్టుట్‌గార్ట్‌లోనే చదివి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను, వచ్చి అయిదేళ్ళు. నీకు ముందు డబ్బు లెక్క చెప్తాను. ఈ రాష్ట్రంలో, అంటే బాడెన్-వుర్టెంబెర్గ్‌లో, యూరప్ యూనియన్ బయటి నుంచి వచ్చే మనలాంటి వాళ్ళకి 2017 నుంచి సెమిస్టరుకి 1,500 యూరోల ఫీజు ఉంది. నాలుగు సెమిస్టర్లకి 6,000, యూరో వంద రూపాయలు వేసుకున్నా 6 లక్షలు. మనవాళ్ళలో నాలుగింటిలో ముగించేవాళ్ళు తక్కువ, నాకు అయిదు పట్టింది, ఆ అయిదో దానికి మళ్ళీ 1,500 కట్టాను. మాగ్డెబుర్గ్‌లో ఈ ఫీజు లేదు, సెమిస్టరు చందా ఒక్కటే.

గది సంగతి ఇంకా ముఖ్యం. యూనివర్సిటీ హాస్టల్లో నాకు సీటు రాలేదు. మొదటి రెండున్నర నెలలు ఒక సీనియర్ గదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకున్నాను, ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం లేకపోతే సిటీ ఆఫీసులో అడ్రసు రిజిస్టర్ చేయరు, ఆ రిజిస్ట్రేషన్ లేక మిగతా పనులు కూడా ఒక్కొక్కటీ ఆగిపోయాయి, ఆ టెన్షన్‌లో మొదటి సెమిస్టరు రెండు పరీక్షలు పోయాయి. తర్వాత ముగ్గురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గదికి 560 యూరోలు కట్టాను.

కంపెనీలు ఉన్న మాట నిజమే. కానీ బాష్ 2025 సెప్టెంబరులో, ఎక్కువగా జర్మనీలోనే, 13,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది, అందులో చాలా ఈ చుట్టుపక్కల ప్లాంట్లలోవే. అయినా జర్మన్ బీ2 ఉండి, ఎంబెడెడ్‌కి వాడే సీ ప్రోగ్రామింగ్ గట్టిగా వచ్చిన వాళ్ళకి వర్కింగ్ స్టూడెంట్ పని, అంటే చదువుతూ కంపెనీలో చేసే పార్ట్‌టైమ్ పని, దొరుకుతోంది. ఏ1తో వచ్చి ఇక్కడే నేర్చుకుంటానంటే మాత్రం, ఈ ఖర్చులో ఆ టైమ్ నీకు మిగలదు.

ఎల్బె_ఒడ్డున

తమ్ముడూ, నేను మాగ్డెబుర్గ్‌లో నాలుగో సెమిస్టరు. ముందు ఇంటెల్ సంగతి: 2022లో ప్రకటించారు, 2024లో వాయిదా వేశారు, 2025 జూలైలో పూర్తిగా రద్దు చేసుకున్నారు. ఇంకా ఆ పేరు చెప్పి పిల్లల్ని పంపిస్తున్నారంటే నాకు చాలా కోపం వస్తోంది. దాన్ని చూసి రావద్దు.

వేరే కారణాలతో రావచ్చు. హాస్టల్ గదికి నేను కరెంటు, హీటింగ్, నెట్ అన్నీ కలిపి 290 కడుతున్నాను. క్యాంపస్‌కి నడిచే వెళ్తాను. ఇక్కడ పరిశోధన సంస్థలు, ఫ్రౌన్‌హోఫర్ ఒకటి, మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఉన్నాయి, నేను ప్రొఫెసర్ దగ్గర స్టూడెంట్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను, గంటలు తక్కువే కానీ పని నా సబ్జెక్టుకి దగ్గర. రోజూ గంటన్నర జర్మన్ క్లాసుకి వెళ్ళడానికి టైమ్ దొరికింది, బీ1 పాసయ్యాను. ఊళ్ళో కంపెనీలు తక్కువన్నది నిజం. ఇంటర్న్‌షిప్ కోసం ఆరు నెలలు బవేరియా వెళ్ళాల్సి వచ్చింది, అక్కడ తాత్కాలికంగా గది వెతుక్కోవడం కష్టమైంది. ఆదివారం సాయంత్రాలు ఊరు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది, మొదటి చలికాలం నేను బాగా ఏడ్చాను, అది కూడా తెలిసి రా.

ఇంకొకటి, రెండు కోర్సుల మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లూ, అంటే సబ్జెక్టుల వివరాల పుస్తకాలు, యూనివర్సిటీ సైట్లలో ఉంటాయి. కోర్సు పేరు చూసి మోసపోవద్దు, ఎంబెడెడ్‌కి సంబంధించిన సబ్జెక్టులు ఎన్ని ఉన్నాయో, అవి ఏ సెమిస్టరులో చెప్తారో, ఇంగ్లిష్‌లో చెప్తారో లేదో ఒక్కొక్కటీ చూడు.

రాజమండ్రి_నాన్న

బాబూ, మా అబ్బాయి జర్మనీలోనే చదివాడు కాబట్టి ఒక తండ్రిగా చెబుతున్నాను. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో, అంటే నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, 11,904 యూరోలు వేయాలి, అది ఫీజు కాదు, నెలకి 992 చొప్పున నీకే తిరిగి వస్తుంది. ఇన్సూరెన్సు సుమారు 140, గది అద్దె, తిండి అన్నీ అందులోంచే. స్టుట్‌గార్ట్‌లో సెమిస్టరు ఫీజుకి వేరే డబ్బు చూసుకోవాలి. ఏడాదికి 140 రోజులు పని చేయవచ్చన్న రూలు చూసి మేము మొదటి ఏడాదే వాడు సంపాదిస్తాడని లెక్క వేసుకున్నాం, రాలేదు. లోను వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే పెరిగింది. మీ నాన్నగారి సర్వీసు అయిపోయే నెలా, నీ చదువు అయిపోయే నెలా ఒక కాగితం మీద పక్కపక్కన రాసి ఇద్దరూ కూర్చుని చూడండి.

కాకినాడ_ఈసీఈ

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి హ్యాండ్‌బుక్‌లు రెండూ చదివాను. ఎంబెడెడ్ సబ్జెక్టులు స్టుట్‌గార్ట్‌లోనే ఎక్కువ అనిపించాయి, అందుకు బాధగానే ఉంది. కానీ అంకుల్ చెప్పినట్టు కాగితం మీద రాశాం. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల్లో సగం అయ్యేసరికి నాన్న రిటైర్ అయిపోతారు. ఆ 6 లక్షలు మిగిలితే ఇంకో ఏడాది దాకా తట్టుకోగలం. మాగ్డెబుర్గ్‌కే వెళ్తాను. సోమవారం నుంచి ఇక్కడే ఏ2 క్లాసు. అక్కా, హాస్టల్‌కి ఎప్పుడు అప్లై చేయాలి, వీసా వచ్చాకనా?

ఎల్బె_ఒడ్డున

వీసా కోసం ఆగకు, ఇవాళే చెయ్యి. హాస్టళ్ళు నడిపే స్టూడెంటెన్‌వెర్క్ సైట్లో అడ్మిషన్ లెటర్ పెట్టి, ఒంటరి గది అని ఒక్కటే టిక్ చేయకుండా షేరింగ్ ఫ్లాట్లు కూడా పెట్టు. బయట ఎవరైనా ఫోటోలు పంపి ముందు డిపాజిట్ వేయమంటే వేయకు, నాకు చెప్పు, నేను వెళ్ళి చూసి వస్తాను.