స్ట్రీట్ ఫైటర్ 2: పిల్లలకు నేర్పడానికి ఏ వెర్షన్ బాగుంటుంది?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. సెలవులకు మా అక్క పిల్లలు వస్తున్నారు. వాళ్లకి స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ వీడియో గేమ్ నేర్పాలని నాకు ఎంతో ఆశ. 1991 నాటి మొదటి వెర్షనా, 1992 నాటి ఛాంపియన్ ఎడిషనా, 1994లో వచ్చిన సూపర్ టర్బోనా తేల్చుకోలేకపోతున్నాను.

నా దృష్టిలో ఈ ఆట గొప్పతనం ఆ ఆరు బటన్లే. పంచ్‌కి మూడు, కిక్‌కి మూడు. గట్టి దెబ్బ నెమ్మదిగా పడుతుంది, చిన్న దెబ్బ చటుక్కున తగులుతుంది. అందుకే ఊరికే బటన్లు బాదేవాడి కంటే దూరం చూసుకుని ఆడేవాడే గెలుస్తాడు.

మొదటి వెర్షన్‌లో ఇద్దరూ ఒకే ఫైటర్‌ని తీసుకోలేరు, ర్యూ అనే ఫైటర్ కోసం పిల్లల మధ్య గొడవ ఖాయం. ఛాంపియన్ ఎడిషన్‌లో ఆ ఇబ్బంది లేదు, బాస్‌లతో (చివర్లో ఎదురయ్యే విలన్లతో) కూడా ఆడొచ్చు. కానీ ఆ బాస్‌లలో బైసన్ మరీ బలవంతుడు. సూపర్ టర్బోలో త్రో (పట్టుకుని విసిరేయడం) పడ్డా సమయానికి బటన్ నొక్కితే దెబ్బ తగ్గుతుంది, అది నాకు బాగా నచ్చింది.

నన్ను బాధపెట్టేది ప్రత్యర్థిగా కంప్యూటర్ ఆడే తీరు. గైల్ అనే ఫైటర్‌తో సానిక్ బూమ్ (దూరం నుంచి విసిరే దెబ్బ) వేయాలంటే మనం జాయ్‌స్టిక్‌ని కాసేపు వెనక్కి పట్టి ముందుకు తోయాలి. కంప్యూటర్ గైల్ మాత్రం ముందుకు నడుస్తూనే వేసేస్తాడు! డిఫికల్టీ తగ్గిస్తే ఇది మారుతుందా? పిల్లలు మొదట్లోనే విసిగిపోతారేమోనని టెన్షన్.

ఇంకొకటి, జాయ్‌స్టిక్‌కి మంచి మైక్రోస్విచ్‌లు (లోపల ఉండే చిన్న స్విచ్‌లు) డాబాగార్డెన్స్ వైపు దొరుకుతాయా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.